నెఫ్తాలీ కుడిభుజం

పడు, ఇంకా పడు, నీ కసి తీరేదాకా పడు. జూన్ నెలంతా మా పెరట్లో మిరపమొక్కలు ఎండి పుల్లలైపోతుంటే ఒక్క చుక్క రాల్చని వానవి, ఇవాళ ఆదివారం మధ్యాహ్నం నాలుగున్నరకి, ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, వాళ్ళకి మూడు పరుగులూ మాకు రెండూ ఉండగా, మావాళ్ళు ఇద్దరు అవుటై ఇంకో ఇద్దరు రెండో బేస్ మీదా మూడో బేస్ మీదా కాలు ఆన్చి నిలబడ్డ ఘడియలోనే నీకు కురవాలనిపించింది. ఇంకొకడు అవుటైతే ఆట అయిపోయినట్టే, కానీ ఒక్క దెబ్బ చాలు. బంతి గడ్డి మీద పడితే చాలు, ఇద్దరూ పరుగెత్తి చేరతారు, మా కైమితాల్ గూడబాతులు ఫైనల్‌కి పోతాయి, ఆ లోమా గిత్తలు తమ కొండెక్కి ఏడుస్తాయి. సరిగ్గా అప్పుడే అంపైర్ ఆకాశం వంక చూసి రెండు చేతులూ ఎత్తాడు. నలుగురు మనుషులు నీలం పట్టా లాక్కొచ్చి పిచ్చర్ నిలబడే దిబ్బ మీద కప్పారు. మొదటి బేస్ వైపు కప్పు తుఫాను ఎగరేసుకుపోయి ఏళ్ళు గడిచాయి, మేయర్లు మారారు, ప్రతివాడూ వచ్చి ఆ మొండిగోడ ముందు ఫోటో దిగిపోయాడు తప్ప ఒక్క రేకు వేయించిన పాపాన పోలేదు. అందుకని ఊరంతా ఇటు మూడో బేస్ వైపుకొచ్చి దూరింది. తడిసిన చొక్కాలు, అల్కపురియా బజ్జీలు వేయించే నూనె కమురు, ఎవరిదో గొడుగు మొన నా మోకాలి చిప్పలో. జరగండమ్మా అంటే ఎవరికీ వినపడదు, రేకుల మీద వాన అంత మోత పెడుతోంది.

నా ఒళ్ళో మూత ఉంది. బళ్ళో పిల్లలకి అన్నం ఉడికే గుండిగ మూత అది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ వంటశాలలో గరిటె తిప్పాను. పిల్లలు చాలడం లేదని బడి మూసేసిన రోజున కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడానికొచ్చిన పెద్దమనిషి గుండిగ బండిలో ఎక్కించుకుపోయాడు, మూత నేను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఏం చేసుకుంటావని అడిగాడు. నా ఇష్టం అన్నాను. అప్పటినుంచీ ప్రతి ఆటకీ మూతా, గరిటె, నేను. ఎన్ని డప్పులు మోగినా, ఎన్ని బాకాలు ఊదినా ఈ ప్రోవి మూత శబ్దం వేరు, అది కొడితే సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా మనవాళ్ళకి పరుగొచ్చింది అనుకుంటారట. ఇవాళ ఎనిమిది ఇన్నింగ్స్‌ల పైనుంచీ అది మూగగా నా ఒళ్ళో పడి ఉంది. చేతులు రావడం లేదు. దిబ్బ మీద నల్లచొక్కా వేసుకుని మా పసుపుచొక్కాల మీదికి బంతులు విసురుతున్నవాడు నెఫ్తాలీ మరి.

అదిగో, అటు గిత్తల బెంచీ మీదున్న చిన్న రేకు కింద నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు వేసుకుని, చెయ్యి చల్లారిపోకుండా క్యాచర్‌కి మెల్లగా బంతులు వేస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడికి నూటపాతిక బంతులు వేశాక చల్లారిన చెయ్యి మళ్ళీ లేస్తుందా? ఒరే, తువ్వాలు తడిసింది, పొడిది కప్పుకో... ఛీ, నాకెందుకు? కప్పుకుంటే కప్పుకున్నాడు, పోతే పోయాడు, చెయ్యి ఊడి పడినా సరే. నేను వాడి మాద్రినాని, జ్ఞానస్నానం రోజున వాణ్ణి ఎత్తుకుని ఫాదరు ముందు నిలబడ్డదాన్ని, వాళ్ళమ్మ చేపల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తుంటే వాడికి అన్నం పెట్టినదాన్ని. బళ్ళో బీట్‌రూట్ పెట్టిన రోజున వాడు ముక్కలన్నీ జేబులో కుక్కి ఖాళీ పళ్ళెం తెచ్చి చూపించేవాడు. తిన్నావట్రా అంటే తిన్నాను మాద్రినా అనేవాడు, అంటున్నప్పుడే కుడిభుజం ఒక్క వేలెడు పైకి లేచేది. ముఖం చూస్తే దేవదూతే. భుజం మాత్రం దొంగ. నీ నోటితో నాకు పని లేదురా, నీ భుజం చెప్పింది చాలు అని నేనంటే, నవ్వేసి ఎర్రగా మరకలైన జేబులోంచి ముక్కలు తీసి నా చేతిలో పెట్టేవాడు. పన్నెండేళ్ళప్పుడు ఇసకలో ఆడుతూ ఆడుతూ వంకరబంతి వెయ్యడం పట్టుబడింది వాడికి. సూటిగా వస్తున్నట్టే వచ్చి బ్యాట్ ముందుకు రాగానే కిందికి జారిపోయే బంతి. అది గాలిలో ఆడే అబద్ధమే కదా. ఆ బంతి వేసేముందు, బేస్‌ల మీద మనుషులున్నారని వాడు ఒక్క క్షణం మా మూడో బేస్ వైపు ముఖం పెట్టి ఆగినప్పుడు, కుడిభుజం ఒక్క వేలెడు లేచింది. నేను చూశాను. ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఇంకెవరూ చూడలేదు, అందరూ వాడి చేతినే చూస్తారు, బంతినే చూస్తారు. నేను నా పిల్లవాణ్ణి చూస్తాను.

వాడికి చెప్పలేదు. ఎందుకు చెబుతాను? వేసిన మొదటి ఆటే గెలిచాడు. గెలుస్తున్నప్పుడు దేన్నీ కదపకూడదు, ఇది ఈ ఊళ్ళో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. గెలిచిన రోజు తొడుక్కున్న చొక్కా ఉతకం. గెలిచిన రోజు ఏ మెట్టు మీద కూర్చుంటే ఆ మెట్టు మీదే కూర్చుంటాం, వెనకనుంచి నీళ్ళు కారుతున్నా సరే. నా పక్కన డప్పు కొట్టే చాగో, మేము పదకొండు ఆటలు వరసగా గెలిచిన ఏడాది, పదకొండు ఆటలకీ ఒక్క బండి దగ్గరే కాడ్ చేప అట్టు కొనుక్కుని తిన్నాడు, కడుపులో పుండు పడ్డా మానలేదు. గెలిపిస్తున్న పిచ్చర్‌తో నీ భుజం లేస్తోందిరా అంటే వాడు దాని గురించి ఆలోచించడం మొదలుపెడతాడు, ఆలోచించినవాడి బంతి అక్కడితో చచ్చింది. అందుకని నోరు మూసుకున్నాను. ఇంకోటి కూడా ఉంది, ఒప్పుకుంటాను, ఎవరికి భయం? అది నాది. ఊరంతా వాణ్ణి పంచుకుంది, రేడియోవాడు పంచుకున్నాడు, సారా అంగడి గోడ మీద వాడి బొమ్మ వేశారు, నాకని మిగిలింది ఆ వేలెడు భుజమే. వాడు ఏం వెయ్యబోతున్నాడో ఈ మైదానంలో వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు అనుకుంటూ కూర్చోవడం, అబ్బ, ఆ గర్వం వేరు.

ముప్పై ఒక్క ఏళ్ళయింది మేము గెలిచి. నేను ఈ మెట్ల మీద ముప్పై ఒక్క ఏళ్ళు తగలేశాను. ఆ ఏళ్ళని తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. చేతిలో పడ్డ బంతిని ఎండ కళ్ళలో పడిందని జారవిడిచిన ఎడమ మూల వెధవ, ఆ రోజు మబ్బు పట్టి ఉంది! అందరూ కొట్టమని అరుస్తుంటే బంతిని మెల్లగా తాకించమని సైగ చేసే మేనేజర్లు. ఫైనల్ ముందు రోజు పెళ్ళి పెట్టుకున్న షార్ట్‌స్టాప్. అన్నిటికన్నా ఆరేళ్ళ కిందటి ఫైనల్. ఇదే మైదానం, దిబ్బ మీద నెఫ్తాలీ, మేము నాలుగు పరుగులు ముందున్నాం, ఇంకో తొమ్మిదిమంది అవుటయితే చాలు, నేను మూత కొట్టీ కొట్టీ గరిటె కాడ వంచేశాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఒకడు మొదటి బేస్ చేరాడు. ఇంకొకడు చేరాడు. అప్పటినుంచి ఆ పక్క జట్టువాళ్ళకి దెయ్యం పట్టినట్టు, వాడు వంకరబంతి వేస్తే ఒక్కడూ బ్యాట్ కదపలేదు, సూటిబంతి వేస్తే ఒక్కడూ వదల్లేదు. ఐదు పరుగులు. రాత్రికి రాత్రి సారా అంగడి గోడ మీద వాడి బొమ్మకి సున్నం కొట్టేశారు. ఏడాదంతా వాణ్ణి ఊరు ఎన్ని మాటలంది! అమ్ముడుపోయాడన్నారు, పిరికివాడన్నారు, రొట్టెల కొట్లో నెఫ్తాలీ లోపలికొస్తే జనం బయటికి పోయారు. నేను మాత్రం మేనేజర్‌ని తిట్టాను, ఎడమ మూలవాణ్ణి తిట్టాను, అంపైర్ వాళ్ళ అమ్మమ్మదాకా పోయాను. వాణ్ణి కూడా తిట్టాను, ఇంట్లో, వాడి ముఖం మీదే, వెన్నెముక లేదురా నీకు అన్నాను. వాడు తలొంచుకుని అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఐదేళ్ళు మాకోసమే వేశాడు, అది కూడా నిజమే.

మరి జనవరిలో వెళ్ళిపోయాడు. మా జట్టు పెత్తందారు దోన్ కాసిమీరో రేడియోలో చెప్పాడు, నెఫ్తాలీ తనే లోమాకి పోతానని అడిగాడు, మేము బరువైన గుండెతో ఒక క్యాచర్‌నీ ఒక ఎడమ మూలవాణ్ణీ బదులు తీసుకుని పంపుతున్నాం అన్నాడు. లోమాకి! ఇంకే ఊరికైనా పొమ్మను. మా నాన్న లోమావాళ్ళు అమ్మే కాఫీ కూడా తాగేవాడు కాదు. అలాంటి ఊరి నల్లచొక్కా తొడుక్కుంటాడా, నా చేతి అన్నం తిన్నవాడు? పోనీ, వచ్చి చెప్పాలా వద్దా? మాద్రినా, నేను పోతున్నాను అని గుమ్మంలో నిలబడి ఒక్క మాట. ఏడు నెలలయింది. ఇవాళ ఆట మొదలవకముందు గీత దగ్గరికొచ్చి టోపీ తీసి, దీవించు మాద్రినా అన్నాడు. పెదాలు కదలడం చూశాను. ఇక్కడ దీవెన అడిగితే లేదనేవాళ్ళు లేరు, తాగి తన్నిన కొడుక్కైనా దేవుడు చల్లగా చూడాలి అని అనాల్సిందే, నోరు దానంతట అదే అనేస్తుంది. నేను సంచీలో గరిటె వెతుక్కున్నాను. గరిటె నా చేతిలోనే ఉంది. వాడు కాసేపు నిలబడి టోపీ పెట్టుకుని వెళ్ళాడు. మంచిపని చేశాను. మంచిపనే చేశాను.

గాదియెల్ నా పక్క మెట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. వాన ఆగాక బ్యాట్ పట్టాల్సింది వాడే. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లవాడు, మా వంటశాలలో ఆఖరి బ్యాచ్‌లో అన్నం తిన్నవాడు, బ్యాట్‌ని చంకలో పెట్టుకుని గోళ్ళు కొరుకుతున్నాడు. నెఫ్తాలీ ఇవాళ వాణ్ణి మూడుసార్లూ వంకరబంతితోనే ఔట్ చేశాడు, మూడోసారి బ్యాట్ తిప్పిన వేగానికి కింద కూడా పడ్డాడు పాపం.

“దోన్యా ప్రోవి, ఇటు ప్రార్థన గట్రా ఏమన్నా చేస్తున్నారా?” అన్నాడు. “చేస్తుంటే నన్ను కూడా కలపండి. ఆ వంకరబంతి నాకు కనపడట్లేదు. చచ్చిపోయేట్టున్నాను.”

“కనపడక్కర్లేదు. వినపడితే చాలు” అన్నాను. ఆ మాట నేనేనా అన్నది? నేనే. నోరు నాదే. వాడి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాను. “నువ్వు వాడి చెయ్యి చూడకు, కళ్ళు చూడకు. నా మూత ఒక్కసారి మోగిందంటే వచ్చేది వంకరబంతి. మోగకపోతే సూటిబంతి. అర్థమైందా?”

“మీకెట్టా తెలుసు?”

“నాకు తెలుసు.”

వాడు నన్ను అదోలా చూశాడు, ఇన్నాళ్ళూ చూస్తున్న ముసలమ్మ ఈమె కాదన్నట్టు. తర్వాత తలూపి బెంచీ వైపు పరుగెత్తాడు. ఏం, తప్పేముంది? నా జట్టు, నా ఊరు. శత్రువు చొక్కా తొడుక్కున్నవాడు శత్రువే. లోమా ముసలివాళ్ళకి మా పిచ్చర్ల గుట్టు తెలిస్తే దాచుకుంటారా? మైకు పెట్టి చదివేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు, మా ఆయన ఇంకో గెలుపు చూడకుండానే పోయాడు, నేను కూడా అలాగే పోవాలా, ఒక వేలెడు భుజం కోసం?

“ఏం చెప్పావే ఆ పిల్లాడికి?” అన్నాడు చాగో. నాకు ఇటుపక్క నలభై ఏళ్ళుగా కూర్చుంటున్న మనిషి, డప్పు ఒళ్ళో బోర్లించుకుని, చెవుడు వచ్చిందని అందరితో చెప్పుకుంటాడు గానీ అక్కర్లేని మాట ఒక్కటీ వదలడు.

“వంట గురించి.”

“నెఫ్తా సంగతే కదా.”

“వాడి పేరు నా ముందెత్తకు, చాగో. ఎత్తావంటే గరిటె విరుగుతుంది.”

“విరిగితే విరిగిందిలే. ఏడు నెలల్నుంచీ నోరు కుట్టేసుకుని కూచున్నా, ఇయ్యాల చెప్తా. వాడు పోతానని అడగలేదే. కాసిమీరో గెంటేశాడు. ఎముకల డాక్టరు ఈ మోచెయ్యి ఇంకో ఏడాది మించి ఆడదన్నాడట, ఆ ముక్క లోమావాళ్ళ చెవిలో పడేలోపే అంటగట్టేశాడు. జట్టు ఆఫీసు తుడిచే మా మరదలు చెవులారా విన్నది.”

“మీ మరదలు చచ్చినవాళ్ళు లేచొచ్చారని కూడా విన్నది ఒకసారి.”

“సరే, మరి నా కళ్ళు? ఆ రోజు సాయంత్రం వాడు నీ గేటు దాకా వచ్చాడే. నేను మా వరండాలోనే ఉన్నా. నువ్వు లోపల రేడియో మీదికి లేచి అరుస్తున్నావు, లోమా చొక్కా వేసుకున్నవాడి నీడ నా గడప మీద పడితే సున్నం కొడతానని. వీధి చివరిదాకా వినపడింది. వాడు గేటు మీద చెయ్యేసి నిలబడి మొత్తం విన్నాడు. విని పోయాడు. చేతిలో కేకు డబ్బా కూడా ఉంది.”

“అబద్ధం.”

“నా భుజం ఏమైనా లేచిందా?” అని నవ్వాడు చాగో. బీట్‌రూట్ కథ ఊరంతా ఎరిగిందే, నేనే చెప్పుకుని తిరిగాను, పిల్లలకి చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. బంతి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు చాగో మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆ డప్పు వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. ఏడు నెలలు నోరు కుట్టుకుని, ఇవాళ, ఇప్పుడు, ఇద్దరు అవుటై ఇద్దరు బేస్‌ల మీదున్నప్పుడు విప్పుతాడా? నిన్న చెప్పొచ్చుగా. ఆట మొదలవకముందు చెప్పొచ్చుగా. అప్పుడు చెబితే నేను వాడికి దేవుడు చల్లగా చూడాలని అనేదాన్నేమో. ఏమో, అనేదాన్ని కాదేమో. కాసిమీరో గెంటితే మాత్రం, గెంటించుకుని లోమాకే పోవాలా? గేటు దాకా వచ్చినవాడు లోపలికి రాలేడా, నా అరుపులు వాడికి కొత్తా? ఇరవై ఏళ్ళు విన్నాడు, నేను అరిచి అరిచి చివరికి అన్నం పెడతానని వాడికి తెలీదా? కేకు తెచ్చాడట. ఏం కేకు? నాకు కొబ్బరిది ఇష్టమని వాడికి తెలుసు. అడగను. చాగోని అస్సలు అడగను.

వాన తగ్గింది, తగ్గి ఆగింది. ఆగకు, ఇంకో గంట పడు, చీకటి పడి ఆట రేపటికి పోనీ, అని ఇందాకటిదాకా తిట్టిన వాననే లోపల్లోపల బతిమాలుకున్నాను. సముద్రం వైపు మబ్బు చీలి ఎండ కూడా వచ్చింది. పట్టా లాగేశారు, దిబ్బ మీద ఎండు ఇసక చల్లారు. జనం ఒక్కసారిగా లేచారు, డప్పులు లేచాయి. నెఫ్తాలీ తువ్వాలు తీసి బెంచీ మీద పడేసి నడిచొచ్చాడు. నలభై నిమిషాల తర్వాత ఆ చేతితో మళ్ళీ వెయ్యమనడం కసాయితనం, గిత్తల మేనేజర్‌కి మనిషి గుండె లేదు, లేకపోతే వీడే నేను వేస్తానని మొండికేశాడేమో, వేసుంటాడు, నాకు తెలుసు వాడి మొండితనం. మావాళ్ళు కూతలు మొదలుపెట్టారు. అమ్ముడుపోయినవాడా! ముసలి చెయ్యి! ఆరేళ్ళ కిందట మమ్మల్ని ముంచినట్టే ఇవాళ వాళ్ళని కూడా ముంచు! వాడు మా వైపు చూడలేదు.

గాదియెల్ బ్యాట్ ఎత్తాడు. నెఫ్తాలీ కాలు ఆన్చి, చేతులు రెండూ గ్లవ్‌లో కలిపి, మా వైపు ముఖం పెట్టి ఆగాడు. కొట్టను, నేను కొట్టను, గరిటె కింద పెట్టేస్తాను. భుజం లేచింది. మూత మోగింది. నా చెయ్యి నన్ను అడిగిందా? ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి అది, పసుపుచొక్కా తప్ప ఇంకేమీ ఎరగదు. వంకరబంతి జారుతూ వచ్చింది, గాదియెల్ దాని కోసమే కాచుకుని ఉండి మొత్తం ఒంటితో బాదాడు, బంతి ఎడమ గీత వెంట దూసుకుపోయింది, జనమంతా ఒక్క గొంతై లేచారు, బేస్‌ల మీదివాళ్ళు పరుగెత్తారు, బంతి గీతకి జానెడు బయట పడింది. ఫౌల్. జానెడు! ఒక్క జానెడు! చాగో డప్పు ఆపి నా వైపు తిరిగాడు. ఏం చేశావే అన్నట్టు చూశాడు. నేను చూడలేదు. రెండో బంతికి భుజం లేవలేదు, మూత మోగలేదు, సూటిబంతి దూరంగా పోయింది. మూడోసారి భుజం లేచింది, మూత మోగింది, గాదియెల్ మళ్ళీ బాదాడు, ఈసారి బంతి వెనక్కి తిరిగి జనంలో పడింది. గీత దాటిన ఆ రెండూ కలిపి రెండు స్ట్రైక్‌లు, మూడోది పడితే అవుటే. కానీ పిల్లవాడికి తెలిసిపోయింది, వాడి కాళ్ళు ఇప్పుడు భయపడడం లేదు, ఇంకో వంకరబంతి రానీ, దాన్ని సముద్రంలో పారేస్తాడు.

నెఫ్తాలీ దిబ్బ దిగాడు. బంతి చేతిలో పట్టుకుని, వాన చినుకులేవో ఇంకా కళ్ళలో ఉన్నట్టు తుడుచుకుని, మూడో బేస్ వైపు, నేను కూర్చున్న నాలుగో మెట్టు వైపు, నా ఒళ్ళోని మూత వైపు చూశాడు. అంత జనంలో సూటిగా నన్నే. వాడి ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది, కోపంతో నేను వేగగలను. లెక్క తెగని పిల్లవాడు పలక వంక చూసినట్టు చూశాడు, తర్వాత వాడి ఎడమచెయ్యి గ్లవ్‌తో సహా మెల్లగా పైకొచ్చి కుడిభుజాన్ని ముట్టుకుంది. వాడు దిబ్బ ఎక్కాడు, గ్లవ్‌లో చెయ్యి పెట్టాడు, మా వైపు ముఖం తిప్పి ఆగాడు. భుజం లేచింది. ఇంతకుముందు ఎప్పుడూ లేవనంత, చెవి దాకా లేచింది, చిన్నప్పుడు ఆరు ముక్కలూ తిన్నానని చెప్పినప్పటిలాగా. నాకు తెలిసిపోయింది, దేవుడి మీద ఒట్టు, తెలిసిపోయింది, గరిటె మాత్రం అప్పటికే దిగిపోతోంది.

మూత మోగింది. గాదియెల్ బంతి కిందికి జారడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అది జారలేదు. ఆ ముసలి చేతిలో మిగిలిన బలమంతా పెట్టి వేసిన సూటిబంతి, గీత గీసినట్టు వచ్చి, క్యాచర్ గ్లవ్‌లో పేలింది. అంపైర్ పిడికిలి బిగించి మూడో స్ట్రైక్ అని అరిచాడు. అంతే. ముప్పై రెండో ఏడు. నల్లచొక్కాలన్నీ దిబ్బ మీదికి పరుగెత్తుకొచ్చి ఒకరి మీద ఒకరు పడ్డారు. గాదియెల్ బ్యాట్ ఇంకా భుజం మీదే పెట్టుకుని, నోరు తెరుచుకుని, నావైపు చూస్తున్నాడు. వెనకనుంచి ఎవరో కాగితం కప్పు విసిరారు, అది నెఫ్తాలీకి తగలాల్సింది నా వీపుకి తగిలింది.

గుంపులోంచి విడిపించుకుని వాడు కంచె దగ్గరికొచ్చాడు. మావాళ్ళు ఉమ్ముతున్నారు, తిడుతున్నారు, వాడికేమీ పట్టలేదు. దగ్గర్నుంచి చూస్తే చెవుల పక్కన తెల్లవెంట్రుకలు. కుడిచెయ్యి మోచెయ్యి దగ్గర వాచిపోయి వేలాడుతోంది. నేను మెట్లు దిగి కంచె పట్టుకున్నాను. తిట్టడానికే దిగాను. నోట్లో మాట సిద్ధంగానే ఉంది, కేకు తెచ్చినవాడివి లోపలికి రావడానికేం రోగం అని.

“భుజమేనా, మాద్రినా?” అన్నాడు.

“ఆ. భుజమే.”

“బీట్‌రూట్ ముక్కలప్పటిది.”

“అదే.”

“బంతి వేసేటప్పుడు లేస్తుందని ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే చూశానని చెప్పొచ్చు. ఇరవై రెండేళ్ళు వాడి అబద్ధాలు పట్టుకున్నదాన్ని, వాడి ముందు నాకు ఒక్కటి కూడా రాలేదు. “నువ్వు ఇసకలో వేసిన మొదటి రోజు నుంచీ” అన్నాను.

వాడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. వాడి కళ్ళు వెనక్కి పోవడం చూశాను, ఏడో ఇన్నింగ్స్‌కి, బేస్‌ల మీద ఇద్దరికి, వంకరబంతికి బ్యాట్ కదపని వాళ్ళందరికీ. వాడితోపాటు నేనూ పోయాను. ఆ రోజు అవతలి జట్టు బెంచీ ఇటే ఉంది, మూడో బేస్ వైపే, నా మెట్టు కిందే. నాకు కనపడింది వాళ్ళకి కనపడదని ఎందుకనుకున్నాను? ఆరేళ్ళుగా మేనేజర్‌ని తిడుతున్నాను, ఎడమ మూలవాణ్ణి తిడుతున్నాను.

“అయితే ఆ ఫైనల్ రోజు కూడా తెలుసు నీకు” అన్నాడు.

“తెలుసు.”

“ఒక్క మాట చెబితే సరిపోయేది కదా, మాద్రినా. మన కోచ్ చేత మూడు రోజుల్లో దిద్దించుకునేవాణ్ణి. సున్నం కొట్టిన గోడ ముందునుంచి మా అమ్మ ఏడాదంతా పనికి పోయింది.”

నేను ఏదో అనబోయాను. గెలుస్తున్నప్పుడు కదపకూడదనుకున్నాన్రా అనబోయాను. అది బయటికి వస్తే ఎలా ఉంటుందో నాకే వినపడి ఆగిపోయాను. లోమావాళ్ళు వాణ్ణి పిలుస్తున్నారు, భుజాల మీద ఎత్తుకోవడానికి. వాడు వెళ్ళకుండా అక్కడే నిలబడి నేను మాట్లాడతానేమోనని చూశాడు, కోపంగా ఏదైనా అంటే బాగుండునని నేనూ చూశాను. తర్వాత వాచిన మోచెయ్యిని రెండో చేత్తో పట్టుకుని వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాడు. నేను కంచె వదల్లేదు. వెనకనుంచి మావాళ్ళు వాణ్ణి ఇంకా అమ్ముడుపోయినవాడా అని అరుస్తూనే ఉన్నారు, వాళ్ళ నోళ్ళు మూయించడానికి నేను నిజం చెప్పాలి, చెప్పాలంటే వాళ్ళ వైపు తిరగాలి.